అరువు తెచ్చుకునే టిక్కెట్టు

పండుగ సెలవులు వచ్చాయంటే పిల్లలు "ఎక్కడికైనా పోదాం" అంటారు. ఇల్లాలు ఔనంటుంది. ఇంటాయన మాత్రం కాగితమూ కలమూ తీసుకొని కూర్చుంటాడు. రానూ పోనూ ఛార్జీలు ఇంత, మధ్యాహ్నం భోజనాలు ఇంత, లోపలికి వెళ్లడానికి టిక్కెట్లు ఇంత. కూడిక పూర్తయ్యేసరికి సగం ఉత్సాహం చల్లారిపోతుంది. మధ్యతరగతి ఇళ్లలో చాలా విహారయాత్రలు ఆ కాగితం మీదనే మొదలై ఆ కాగితం మీదనే ముగుస్తాయి.

ఆ లెక్కలో అన్నిటికంటె చిత్రమైన పద్దు ప్రవేశ రుసుము. బస్సు ఛార్జీ ఇస్తే ఊరు చేరతాము. హోటలు బిల్లు ఇస్తే ఆకలి తీరుతుంది. టిక్కెట్టు గేటు తెరుస్తుంది, అంతే. లోపల నచ్చేదేమిటో, నచ్చనిదేమిటో చూడకముందే సొమ్ము చెల్లించాలి. పైగా అది తలకింత అని వసూలు చేస్తారు. ఇంట్లో తలలు ఎక్కువైన కొద్దీ సరదా బరువెక్కుతుంది.

స్టేషన్ ఘన్‌పూర్‌లో తాత, నాయనమ్మ, తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు వున్న కుటుంబాన్ని తీసుకోండి. వాళ్లు హైదరాబాదు వెళ్లి జూ పార్కు చూడాలనుకున్నారు. 1963 అక్టోబరు 6న ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల అది. 2025 మార్చి నుంచి అక్కడ పెద్దలకు 100 రూపాయలు, పిల్లలకు 50 రూపాయలు చేశారు. నలుగురు పెద్దలకు 400, ఇద్దరు పిల్లలకు 100, వెరసి 500 రూపాయలు. ఇది గేటు దగ్గరి ఖర్చు మాత్రమే. పల్లీలు, ఐస్‌క్రీములు ఇందులో చేరలేదు.

సరిగ్గా టిక్కెట్టు కిటికీ దగ్గరకు రాగానే నాయనమ్మ అంటుంది: "మీరు పోయి రాండ్రి బిడ్డా. నాకు మోకాళ్లు గుంజుతున్నయి. నేనీడ్నె చెట్టుకింద కూసుంట."

మోకాళ్ల నొప్పి నిజమే కావచ్చును. కాని ఆ నొప్పి రేట్ల బోర్డు చదివిన తరువాతనే మొదలయిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసినా ఎవరూ పైకి అనరు. కొడుకు ఒక మాట బలవంతపెడతాడు, రెండోమాటకు ఊరుకుంటాడు. కుటుంబం కిటికీ దగ్గర రెండుగా చీలిపోతుంది: లోపలికి వెళ్లేవారు, బయట చెప్పులూ సంచులూ చూసుకునేవారు.

ఈ చీలిక లేకుండా చేయడానికి కొన్ని దేశాలలో ఒక చిన్న ఉపాయం కనిపెట్టారు. అది కూడా ఏ సినిమా కంపెనీయో, ప్రయాణాల ఏజెంటో కనిపెట్టినది కాదు. ఊళ్లోని గ్రంథాలయం కనిపెట్టినది.

లైబ్రరీల టిక్కెట్లు గూడ ఇస్తరా?

ఘన్‌పూర్ పేరులోనే ప్రయాణం వున్నది. భూపాలపల్లి వైపు, కాకతీయుల నాటి కోటగుళ్లతో పేరుపొందిన మరొక ఘన్‌పూర్ వున్నది. ఆ ఘన్‌పూర్‌కూ ఈ ఘన్‌పూర్‌కూ తేడా తెలియడానికి రైలు స్టేషనే గుర్తు. నిజాము రైలుమార్గం 1886లో సికింద్రాబాదు నుంచి వరంగల్ దాకా పడింది. ఆ దారి మీదనే ఈ ఊరు. ఈ పట్టాల మీదుగా చదువులకు హనుమకొండకూ, ఉద్యోగాలకు హైదరాబాదుకూ వెళ్లిన పిల్లలు ఇప్పుడు సముద్రాలు కూడా దాటారు. జనగామ, వరంగల్ ప్రాంతాలలో, అమెరికాలో వున్న కొడుకు దగ్గరకో కూతురు దగ్గరకో వెళ్లి కొన్ని నెలలు వుండి వచ్చిన తల్లిదండ్రులు ఈనాడు వీధికొకరు కనిపిస్తారు.

అక్కడికి వెళ్లిన మొదటి నెల కొత్త వింతలతో గడిచిపోతుంది. రెండో నెల నుంచి అసలు కథ మొదలవుతుంది. పగలు కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, పిల్లలు బడికి. కారు నడపడం రాదు, నడిచి వెళ్లడానికి బజారు దగ్గరలో లేదు. శని, ఆదివారాలు వచ్చి ఎక్కడికైనా వెళదామంటే అక్కడ కూడా టిక్కెట్టు కిటికీ వుండనే వున్నది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2022లో పెద్దల టిక్కెట్టు 30 డాలర్లు చేసింది. న్యూయార్కు రాష్ట్రవాసులకు ఇచ్చినంత పుచ్చుకునే ఏర్పాటు వున్నది. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఉచితం. వృద్ధులకు కొంత తగ్గింపు. అయినా పక్క రాష్ట్రంనుంచి ఇద్దరు కొడుకూ కోడలూ, ఇద్దరు పెద్దవాళ్లూ వెళితే వంద డాలర్లకు పైమాట. మన పెద్దవాళ్లకు డాలరును రూపాయలలోకి మార్చనిదే నిద్రపట్టదు. మార్చి చూస్తే సుమారు తొమ్మిది వేల రూపాయలు! ఇంకేముంది, మోకాళ్లు వెంటనే నొప్పి పెడతాయి.

అటువంటి చోట ఒక శనివారం ఉదయం కోడలు ఒక కాగితం చూపిస్తుంది.

"అత్తమ్మా, దీనికి పైసలు లేవు. లైబ్రరీల తీసుకున్న. మనందరికీ కలిపి ఒక్కటే కాగితం."

"లైబ్రరీల టిక్కెట్లు గూడ ఇస్తరా బిడ్డా?"

ఇస్తారు. అదే మ్యూజియం పాసు. ఈ సంభాషణ ఏ ఒక్క ఇంటిదో కాదు. కాని ఆ ప్రశ్న అడగని పెద్దవాళ్లు వుండరేమో.

పాసు ఎట్లా పనిచేస్తుంది?

ఇందులో మంత్రమేమీ లేదు. గ్రంథాలయం పుస్తకం కొంటుంది. మనం కార్డు చూపి ఆ పుస్తకం తెచ్చుకుంటాము, చదివి తిరిగి ఇస్తాము, మరొకరు తీసుకుంటారు. ఒకే పుస్తకం వంద ఇళ్లకు వెళ్లి వస్తుంది. ఇదే పద్ధతిని మ్యూజియం సభ్యత్వానికి అన్వయించారు. గ్రంథాలయం సంవత్సరానికి ఒకసారి మ్యూజియానికి సొమ్ము కట్టి ఒక పాసు తీసుకుంటుంది. ఆ పాసును రోజుకొక కుటుంబానికి అరువిస్తుంది.

పాసులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది అట్టముక్క వంటి కార్డు. దానిని గ్రంథాలయానికి వెళ్లి తెచ్చుకోవాలి, చూసి వచ్చిన తరువాత చెప్పిన గడువులోగా తిరిగి ఇవ్వాలి. ఆలస్యమైతే జరిమానా. మరునాడు మరొక కుటుంబం దానికోసం ఎదురుచూస్తూ వుంటుంది గనుక ఈ జరిమానా పుస్తకాల జరిమానా కంటె బరువుగా వుండడం కద్దు. రెండవది తేదీ వేసిన కాగితం. ఇంట్లో కంప్యూటరు మీద రోజు ఎంచుకొని అచ్చు తీసుకోవచ్చును, లేదా ఫోనులోనే చూపవచ్చును. తిరిగి ఇచ్చే పని లేదు. ఆ తేదీ దాటితే అది చిత్తుకాగితమే.

పాసు వుంటే అంతా ఉచితమే అనుకోవడం కూడా పొరపాటు. కొన్నిటికి పూర్తిగా ఉచితం, కొన్నిటికి సగం ధర, కొన్నిటికి తలకు ఇన్ని డాలర్ల తగ్గింపు. ఒక్కొక్క పాసు మీద ఎందరు వెళ్లవచ్చునో ముందే రాసి వుంటుంది. ఇద్దరు పెద్దలు, ఇంట్లోని పిల్లలు అనే నిబంధన కొన్నిచోట్ల వుంటుంది. నలుగురు అనే నిబంధన మరికొన్నిచోట్ల. తాతా నాయనమ్మలతో వెళ్లేవారు ముందుగా చూసుకోవలసిన వాక్యం ఇదే.

బోస్టన్ మొదలు కాలిఫోర్నియా దాకా

అమెరికాలో ఈశాన్యాన వున్న మసాచుసెట్స్ రాష్ట్రంలో ఈ అలవాటు బాగా పాతుకున్నది. 1848లో నెలకొల్పి 1854లో ప్రజలకు తెరిచిన బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ మొదలుకొని చిన్న చిన్న ఊళ్ల గ్రంథాలయాల వరకు మ్యూజియం పాసులు ఇస్తూ వుంటాయి. చిత్రకళా మ్యూజియం, పిల్లల మ్యూజియం, చేపలను చూపించే అక్వేరియం వంటివి ఈ జాబితాలో కనిపిస్తాయి. కార్లు నిలుపుకునే రుసుము లేకుండా ప్రభుత్వ పార్కులకు వెళ్లే పాసు కూడా చాలా ఊళ్లలో దొరుకుతుంది.

ఈ పాసులకు సొమ్ము ఎక్కడిది? ఇక్కడ ఒక ముచ్చటైన సంగతి వున్నది. చాలా ఊళ్లలో 'గ్రంథాలయ మిత్రులు' అనే సంఘం వుంటుంది. ఊరివాళ్లు చదివేసిన పుస్తకాలు తెచ్చి ఇస్తారు. ఆ సంఘంవారు వాటిని బల్లలమీద పరచి చవకగా అమ్ముతారు. ఆ డబ్బుతో మ్యూజియం పాసులు కొని గ్రంథాలయానికి ఇస్తారు. అంటే ఒకరి ఇంట్లో చదివి మూల పడేసిన నవల మరొకరి ఇంటి పిల్లలకు తిమింగలం అస్థిపంజరాన్ని చూపిస్తున్నదన్నమాట.

న్యూయార్కు నగరంలో 2018 జూలైలో 'కల్చర్ పాస్' అనే పథకం ప్రారంభించారు. ఆ నగరంలోని మూడు గ్రంథాలయ వ్యవస్థలు, న్యూయార్క్, బ్రూక్లిన్, క్వీన్స్, కలిసి దీనిని నడిపాయి. మొదట 33 సంస్థలు చేరాయి. ఆధునిక కళా మ్యూజియం, గుగ్గెన్‌హైమ్ మ్యూజియం వంటి పెద్ద పేర్లు కూడా వాటిలో వున్నాయి. పదమూడేళ్లు నిండి గ్రంథాలయ కార్డు వుంటే చాలు. అయితే ఒక్కొక్క సంస్థకు ఏడాదికి ఒక్కసారే. ఒకే కుటుంబం పదే పదే తీసుకొని మిగతావాళ్లకు దక్కకుండా చేయకుండా ఈ కట్టుబాటు.

పడమటి తీరంలో సాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ వున్న ఊళ్లలో మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో వున్నారు. అక్కడి గ్రంథాలయాలు 'డిస్కవర్ అండ్ గో' అనే పేరుతో పాసులు ఇస్తున్నాయి. ఇంతకంటె మనవాళ్లకు నచ్చినది పార్కు పాసు. 2022లో కాలిఫోర్నియా రాష్ట్ర గ్రంథాలయమూ, పార్కుల శాఖా కలిసి ఆ రాష్ట్రంలోని గ్రంథాలయాలకు ఈ పాసులు పంచాయి. పాసును కారు అద్దానికి తగిలిస్తే 200కు పైగా రాష్ట్ర పార్కులలో వాహన ప్రవేశ రుసుము వుండదు. తొమ్మిదిమంది పట్టే వాహనం వరకు చెల్లుతుంది.

గమనించారా? తలకింత కాదు, బండికింత! తాతయ్య వున్నాడా, నాయనమ్మ వున్నదా, చంటిపిల్ల వున్నదా అని ఎవరూ లెక్కపెట్టరు. బండిలో ఎక్కినవారంతా లోపలికే. ఆకాశాన్ని తాకే రెడ్‌వుడ్ చెట్లకింద చాప పరచుకొని, ఇంటినుంచి తెచ్చిన పులిహోర తిని, సాయంకాలం తిరిగి రావచ్చును. పగలంతా కిటికీ దగ్గర కూర్చొని పక్కింటి గడ్డికోత యంత్రాన్ని చూస్తూ గడిపే పెద్దవాళ్లకు ఆ ఒక్క రోజు ఎంత మేలు చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

కొలరాడో రాష్ట్రంవారు మరొక అడుగు ముందుకు వేశారు. అక్కడి గ్రంథాలయాలు పార్కు పాసును ఒక వీపుసంచిలో పెట్టి ఇస్తాయి. సంచిలో దుర్భిణీ వుంటుంది, పక్షులనూ జంతువులనూ గుర్తుపట్టడానికి పుస్తకాలు వుంటాయి. సంచి వీపున వేసుకొని పిల్లలు అడవిలోకి, సంచి వెనుక తల్లిదండ్రులు. చూడడమెట్లాగో తెలిస్తేనే చూసినది మనసులో నిలుస్తుందన్న ఇంగితం ఆ సంచిలో వున్నది.

మ్యూజియంవాళ్లకు ఏమి లాభం అని పాఠకులు అడగవచ్చును. మామూలు రోజులలో సగం గదులు ఖాళీగా వుంటాయి. పది మంది వచ్చినా వంద మంది వచ్చినా దీపాలు వెలగవలసిందే, కాపలావాడు నిలబడవలసిందే. టిక్కెట్టు ధర చూసి ఎన్నడూ రాని కుటుంబాన్ని ఒకసారి లోపలికి రప్పిస్తే, ఆ పిల్లలు రేపు పెద్దవాళ్లై తమ పిల్లలను తీసుకొని వస్తారు. ఇది దానమూ కాదు, వట్టి వ్యాపారమూ కాదు. రెంటికీ మధ్య వున్న మంచి లౌక్యం.

వెళ్లేవారికి నాలుగు మాటలు

ఈ సంవత్సరం పిల్లల దగ్గరకు వెళ్లబోయే పెద్దలకూ, అక్కడ వున్న పిల్లలకూ కొన్ని సంగతులు చెప్పడం అవసరం.

గ్రంథాలయ కార్డు మొట్టమొదట కావలసినది. ఆ ఊళ్లో నివాసం వున్నట్టు రుజువు చూపితే సాధారణంగా కార్డు ఉచితంగానే ఇస్తారు. చుట్టపుచూపుగా వెళ్లిన పెద్దలకు ఆ రుజువు వుండదు గనుక కొడుకు కార్డో కూతురు కార్డో పనికివస్తుంది. కార్డుదారు స్వయంగా వెంట రావాలనే నియమం కొన్ని పాసులకు వుంటుంది. అది ముందే కనుక్కోవాలి.

రెండవది, ముందుచూపు. ఒక పాసు ఒక రోజుకు ఒక కుటుంబానికే. బడి సెలవుల రోజులకు పాసులు ముందుగానే అయిపోతాయి. పెద్దవాళ్లకు మాత్రం ఒక అదృష్టం వున్నది. వాళ్లకు ఆదివారమైనా మంగళవారమైనా ఒకటే. పనిరోజులలో పాసు సులభంగా దొరుకుతుంది, లోపల తోపులాటా వుండదు.

మూడవది, వాషింగ్టన్ నగరం వెళ్లేవారు పాసుకోసం తాపత్రయపడనక్కరలేదు. అక్కడి స్మిత్సోనియన్ మ్యూజియాలకు ప్రవేశం ఉచితం. విమానాల మ్యూజియానికి మాత్రం ముందుగా వేళ నిర్ణయించుకొని ఉచిత పాసు తీసుకోవాలి.

నాలుగవది, వెళ్లలేకపోతే పాసును వెంటనే రద్దు చేయండి. మీరు పడుకున్న రోజున మరొక ఇంటి పిల్లలు వెళ్లి వుండేవారు. అరువు వస్తువు మర్యాద ఇది.

మరి మన ఊళ్లో?

ఇదంతా డబ్బున్న దేశం ముచ్చట, మనకెందుకు అని పత్రిక మడిచిపెట్టే పాఠకులు వుంటారు. ఒక్క నిమిషం ఆగండి. గ్రంథాలయ విషయంలో మనం ఎవరికీ తీసిపోయిన జాతి కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వెలసింది. తెలుగు చదువుకు ప్రభుత్వాదరణ కరువైన కాలంలో ఊరివాళ్లు చందాలు వేసుకొని నిలబెట్టిన సంస్థలివి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే పాఠకుని రేవుకు వెళ్లింది. అటువంటి ఊహ చేసినవారికి పాసు ఒక లెక్కలోనిదా?

చట్టం కూడా వున్నది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను ప్రతి రూపాయికీ 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటినుంచి 80 రూపాయలన్నమాట. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇల్లు వున్న ప్రతివారూ, గ్రంథాలయం గడప తొక్కినా తొక్కకపోయినా, ఈ సొమ్ముకు భాగస్వాములే. పోనీ ఆ సొమ్ముతో పాసులు కొనగలమా? వారానికి రెండు కుటుంబాలు, నెలకు ఎనిమిది కుటుంబాలు, ఒక్కొక్కరికి జూ పార్కు 500 రూపాయల చొప్పున అనుకుంటే నెలకు 4,000 రూపాయలు. అంటే వెయ్యి రూపాయల పన్ను కట్టే 50 ఇళ్ల ఏడాది సెస్సు ఒక్క నెలలో ఖర్చవుతుంది. వసూలయిన సెస్సు గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు పాతదే. పోటీ పరీక్షల పుస్తకాలకే చాలని సొమ్మును పాసులకు ఖర్చుపెట్టమనడం న్యాయం కాదు.

అయితే ఇక్కడ మనకు అమెరికాకు లేని సౌకర్యం ఒకటి వున్నది. అక్కడ చాలా మ్యూజియాలు స్వతంత్ర సంస్థలు. గ్రంథాలయం వాటికి సొమ్ము కట్టి తీరాలి. ఇక్కడ జూ పార్కు రాష్ట్ర అటవీశాఖది. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం రాష్ట్ర ప్రభుత్వానిదే. సాలార్‌జంగ్ మ్యూజియం, వరంగల్ కోట కేంద్ర ప్రభుత్వం చేతిలో వున్నాయి. జిల్లా గ్రంథాలయ సంస్థ కూడా సర్కారుదే. ఒక జేబులోనుంచి తీసి ఇంకొక జేబులో వేసుకోవలసిన వ్యవహారానికి సొమ్ము ఎందుకు? ఒక ఉత్తర్వు చాలును. జిల్లాకు వారానికి కొన్ని కుటుంబ పాసులు కేటాయించి, శాఖా గ్రంథాలయాలలో రిజిస్టరు మీద ఇవ్వమంటే ఖజానాకు వచ్చే నష్టం కంటికి ఆనదు.

పలుకుబడి వున్నవాడే పాసులన్నీ పట్టుకుపోతాడనే భయం వున్నది. అది కాదనలేము. మందు కూడా సులభమే. ఎవరు ఏ తేదీకి తీసుకున్నారో గోడమీద కాగితం అంటించాలి. కుటుంబానికి ఏడాదికి ఒక్కసారే అనే న్యూయార్కు నిబంధన పెట్టాలి. తిరిగి ఇవ్వనివారికి పుస్తకాలు కూడా ఆపాలి. మన ఊళ్లలో గోడమీద పేరు పడడానికి మించిన కాపలా లేదు.

ఎదురుచూడకుండా చేయగలిగినవి

ఉత్తర్వు వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలా? అక్కరలేదు. పాసు అనే పేరు లేకపోయినా పాసువంటివి కొన్ని మన చేతిలోనే వున్నాయి.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం ప్రారంభమైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఈ రాష్ట్రపు ఆడవారికి టిక్కెట్టు సొమ్ము లేదు. నాయనమ్మ, తల్లి, కూతురు గుర్తింపు కార్డు చూపి ఘన్‌పూర్‌లో ఎక్కి హనుమకొండలో దిగవచ్చును. ఆరుగురి ఛార్జీలో సగం అక్కడే తగ్గింది.

వరంగల్ కోటలో ప్రవేశ రుసుము 25 రూపాయలు. పదిహేనేళ్లలోపు పిల్లలకు అదీ లేదు. ఇంటిల్లిపాది వెళ్లినా నలుగురు పెద్దలకు వంద రూపాయలు. ఆ నాలుగు కీర్తితోరణాల మధ్య నిలబడి చూస్తే, తెలంగాణ రాజముద్రలో తోరణం ఎందుకు వున్నదో పిల్లలకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం నాడూ, నవంబరు 19న వారసత్వ వారోత్సవాల మొదటిరోజునా పురావస్తుశాఖవారు తమ కట్టడాలకు ప్రవేశం ఉచితమని ప్రకటించడం ఆనవాయితీ. కాలెండరులో ఆ రెండు తేదీలకూ సున్నా చుట్టి పెట్టుకోండి.

ఇంకా దగ్గరలోనివి వున్నాయి. పాల్కురికి సోమనాథుని పాలకుర్తి, పోతన ఊరుగా పేరుపొందిన బమ్మెర, జఫర్‌గఢ్ కోట, చిల్పూరు గుట్ట, ఇవన్నీ ఘన్‌పూర్ చుట్టుపక్కలవే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి 2021 జూలైలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దూరదేశాలవారు దానిని చూడడానికి వస్తున్నారు. ఘన్‌పూర్ పిల్లలు చూడకపోతే బాగుండదు.

హైదరాబాదు వెళితే ఒక జాగ్రత్త. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూ పార్కుకు సోమవారం సెలవు. అంతదూరం వెళ్లి తాళం చూసి తిరిగిరావడం కంటె విచారం లేదు. సాలార్‌జంగ్‌లో గంట కొట్టే గడియారం బొమ్మ కోసం గంటకు పది నిమిషాల ముందే చోటు చూసుకోండి. చిన్నపిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టండి.

వీటన్నిటికంటె ముందు చేయవలసినది మరొకటి. ఊళ్లోని గ్రంథాలయంలో కొద్దిపాటి ధరావతు కట్టి సభ్యులు కండి. కోటకు వెళ్లబోయే వారం కాకతీయుల చరిత్ర తెచ్చి రాత్రిళ్లు పిల్లలకు నాలుగేసి పేజీలు చదివి వినిపించండి. బమ్మెర వెళ్లబోయే ముందు భాగవతం తెచ్చి తాతగారిచేత చదివించండి. కొలరాడోవారు సంచిలో పెట్టి ఇచ్చేది ఇదే. మనకు సంచి ఇంట్లోనే వున్నది, దుర్భిణీ ఒక్కటే తక్కువ.

సభ్యులు కట్టిన ధరావతుకు రసీదు తీసుకునేటప్పుడు అక్కడి సలహాల పుస్తకం అడిగి ఒక వాక్యం రాయండి: "మన గ్రంథాలయంలో జూ పార్కుకూ, మ్యూజియానికీ కుటుంబ పాసులు అరువు ఇప్పించవలసినది." ఒక్కరు రాస్తే గ్రంథాలయాధికారి నవ్వి వూరుకుంటారు. యాభై ఇళ్లవాళ్లు రాస్తే ఆ పుస్తకం జనగామ జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరుతుంది. వందమంది రాస్తే హైదరాబాదుకు చేరుతుంది. 8 పైసలు కట్టేవారికి ఆ మాత్రం అడిగే హక్కు వున్నది.